తప్పకుండా తెరుచుకునే తలుపు

“మూడంగుళాలే కదా లిండా! మీ నాన్న సమాధి తవ్వమన్నట్టు అంత గోల చేస్తావేం?”

“ఆ మూడంగుళాలేవో నీ పొట్టలోంచి తగ్గించు. అలమర జోలికి మాత్రం రాకు.”

మూడు రోజులుగా మా ఇంట్లో ఇదే రగడ. నా భర్త నార్బెర్టో కొన్న కొత్త ఫ్రిజ్ వంటింటి నడిమధ్యన, సగం అట్టపెట్టెలోనే, దారికి అడ్డంగా నిలబడి ఉంది. స్టవ్ దగ్గరికి వెళ్లాలంటే పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టాలి. దానంతట అదే ఐసు ముక్కలు చేసి గ్లాసులో పోస్తుందట. పాతది ఉన్న చోట ఇది పట్టడం లేదు. పైన మా నాన్న చేసిన చెక్క అలమర ఉంది, దాని అడుగు మూడంగుళాలు కోస్తానంటాడు. నాన్న సముద్రం అవతల అజోర్స్ దీవుల నుంచి ఈ కాలిఫోర్నియా లోయకి వచ్చి నలభై ఏళ్లు పరాయివాళ్ల ఆవుల పాలు పిండాడు. ఆదివారాలు మాత్రం రంపం పట్టుకునేవాడు. ఆ అలమర మా పెళ్లికి ఆయన ఇచ్చిన కానుక.

“నాన్నా, ఐసు కోసమే అయితే ట్రేలో నీళ్లు పోసి పెట్టుకోవచ్చుగా,” అంది మా అమ్మాయి మరీసా, భోజనం పళ్లెంలోంచి తలెత్తకుండానే.

“నువ్వు ఊరుకో. వారంలో ఉన్న రెండు సెలవులకీ తెల్లారకుండా లేచి డ్యూటీకి పోతున్నాను. నాలుగు నెలలైంది. నాకంటూ ఒక్క వస్తువు కొనుక్కోకూడదా?”

“కొనుక్కో. కొలిచి కొనుక్కో,” అన్నాను.

ఆ సెలవు రోజుల డ్యూటీ సంగతి చెప్పాలి. రాష్ట్రంలో జైళ్లు కిక్కిరిసిపోయి, కాగితం మీద చిన్న నేరం అని రాసి ఉన్నవాళ్లు విడుదలయ్యాక వాళ్ల బాధ్యతని కౌంటీల నెత్తిన, అంటే జిల్లాల నెత్తిన పెట్టారు. మా కౌంటీలో వాళ్లని కనిపెట్టి ఉండాల్సిన అధికారులు చాలా తక్కువ. ఒక్కొక్కరి కింద వందమంది. అందుకని ఊరి పోలీసులకి ఓవర్‌టైం నిధులిచ్చారు. పొద్దున్నే వెళ్లి ఆ మనుషుల తలుపులు కొట్టాలి. చెప్పిన చిరునామాలోనే ఉంటున్నారా, మత్తుమందులూ తుపాకులూ ఏమైనా దాచారా అని ఇల్లు వెతకాలి. వారంటు అక్కర్లేదు. లోపల ఉండి తలుపు తెరవకపోతే అదే ఒక తప్పు.

పేపర్లో ఆ వార్త చదివినప్పుడు నేను సంతోషించాను. అబద్ధం ఎందుకు? మా తమ్ముడు ఎల్మీరో పేరు కూడా అలా కనిపెట్టి చూడాల్సినవాళ్ల జాబితాలో ఉంది. డెయిరీలో ఆవు తన్ని నడుం విరగ్గొట్టుకున్నాడు. నొప్పి బిళ్లలు అలవాటై, ఆ బిళ్లల కోసం పొలాల్లో మోటార్ల రాగి తీగలు కోసి అమ్ముకుని, మూడేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. ఇప్పుడు రెండు వీధుల అవతల మా అమ్మ దగ్గర ఉంటున్నాడు. దాణా మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. వాడి మీద ఒక కన్ను ఉండడం మంచిదే అనుకున్నాను. ఆరు నెలలు ఏ తప్పూ చేయకుండా, ఉద్యోగంలో నిలబడితే వాడి పేరు జాబితాలోంచి కొట్టేయొచ్చని వాడి అధికారి చెప్పింది. ఇంకా మూడు వారాలుంది.

నార్బెర్టో సార్జెంటు. ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో రాసేది ఆయనే. “అత్తయ్య ఇంటికి మాత్రం నేను వెళ్లను. చుట్టరికం ఉన్నచోటికి వెళ్లకూడదు, రూలు,” అని మొదట్లోనే చెప్పాడు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన్ని చూసి గర్వపడ్డాను కూడా.

ఆ గురువారం సాయంత్రం ఫ్రిజ్ గొడవ ఎటూ తేలక, ఆయన పళ్లెం పక్కకి నెట్టి నెలాఖరు కాగితాలు ముందేసుకున్నాడు. నేను గిన్నెలు తీస్తూ భుజం మీదుగా చూశాను. ఒక పేరు కళ్లకి కొట్టుకుంది. వేడ్ టాలివర్. పక్కన నాలుగుసార్లు ఒకే మాట: ప్రయత్నం.

“ప్రయత్నం అంటే?”

“తలుపు తెరిస్తే కాంటాక్ట్. తెరవకపోతే ప్రయత్నం. కౌంటీకి కాంటాక్టులే కావాలి. నెలకి అరవై చూపించకపోతే వచ్చే ఏడాది గంటలు కోసేస్తారు.”

“మరి ఈ టాలివర్ ఎక్కడున్నాడు?”

“ఆ ఇంట్లో లేడు. మారిపోయి ఉంటాడు.”

“వెతకరా?”

“వెతుకుతూ కూర్చుంటే ఒక పొద్దంతా పోతుంది. అదే పొద్దున ఎనిమిది తలుపులు కొట్టొచ్చు.” పెన్ను మూత పెట్టాడు. “నీకు అర్థం కాదులే.”

నాకు అర్థమైంది. టాలివర్ భార్య నాతోపాటే బడి వంటింట్లో పనిచేస్తుంది. వాడు కొట్టి దవడ ఎముక విరగ్గొడితే ఇనుప తీగతో కట్టించుకుని, రెండు నెలలు స్ట్రాతో సూపు తాగింది. అది కూడా కాగితం మీద చిన్న నేరమే. ఇప్పటికీ బయట కారు ఆగిన చప్పుడైతే చేతిలో ట్రే పట్టుకునే కిటికీ వైపు చూస్తుంది. ఆమెకి భద్రత అని చెప్పి తెచ్చిన డబ్బు ఇది. ‘ప్రయత్నం’ అని నాలుగుసార్లు రాసి పక్కన పెట్టేశారు. ఆ అందమైన చేతిరాత పక్కనుంచి ఆయన పళ్లెం తీసుకుని సింకు దగ్గరికి పోయాను.

మర్నాడు శుక్రవారం. అమ్మ బీపీ బిళ్లలు ముందురోజు మందుల షాపు నుంచి తెచ్చి నా సంచిలోనే ఉంచాను. బడికి వెళ్తూ ఇచ్చి పోదామని ఆరు దాటి అయిదు నిమిషాలకి అమ్మ ఇంటికి వెళ్లాను. ఇంటి ముందు రెండు పోలీసు కార్లు. ఎదురింటివాళ్ల కిటికీ పరదా కొంచెం పైకి లేచి, నన్ను చూసి పడిపోయింది.

లోపల ఎల్మీరో సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. మిల్లు చొక్కా వేసుకున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద, అందరికీ కనబడేలా. కాళ్ల దగ్గర అన్నం డబ్బా. వాడికి నలభై రెండేళ్లు. బడిలో తప్పు చేసి హెడ్‌మాస్టర్ గది బయట కూర్చున్నట్టు ఉన్నాడు.

“రా లిండా, సమయానికి వచ్చావు. వీళ్లకి కాఫీ పొయ్యి,” అంది అమ్మ. బల్ల దగ్గర నిలబడి తీపి రొట్టె కోస్తోంది. మా దీవులవాళ్లు పండక్కి చేసుకునే రొట్టె అది. పన్నెండు గుడ్లు, వెన్న, నిమ్మతొక్క. పిండి కలిపి దుప్పటి కప్పి గంటలకొద్దీ కాచుకోవాలి. అమ్మ వేళ్లకి కీళ్లవాతం.

అమ్మ పడగ్గదిలోంచి డాన్వర్స్ బయటికొచ్చాడు. నార్బెర్టో కింద పనిచేసే మనిషి. మా ఇంటి పెరట్లో ఎన్నోసార్లు మాంసం కాల్చుకుని తిన్నవాడు. చేతులకి నీలం రబ్బరు తొడుగులున్నాయి. తెరిచి ఉన్న తలుపులోంచి మంచం కనబడుతోంది. పరుపు ఒక పక్కకి ఎత్తి వదిలేశారు. అమ్మ లోబట్టలు, మేజోళ్లు, నాన్న పోయినప్పటి నల్ల ముసుగు కుప్పగా పోసి ఉన్నాయి.

“అది అమ్మ గది. ఎల్మీరోది వెనక గది,” అన్నాను.

“గుడ్ మార్నింగ్ మేడమ్! అందరూ తిరిగే చోట్లన్నీ చూడాలి, రూలు. పెద్దగా కెలకలేదులెండి.” అదే తొడుగు చేత్తో రొట్టె ముక్క తీసుకున్నాడు. కొరికి, కళ్లు మూసుకున్నాడు. “వవో, ఈసారి నిమ్మతొక్క ఎక్కువ వేసినట్టున్నావే! పోయినసారి కంటే బాగుంది.”

వవో అంటే మా భాషలో అమ్మమ్మ. ఆ మాట ఈ లోకంలో మరీసా ఒక్కతే అనాలి. ఆ నోట్లోంచి, నలిగిన రొట్టె మధ్య నుంచి అది వినబడేసరికి నా వీపు మీద ఏదో పాకినట్టయింది. మీసాల మీద పసుప్పచ్చని పొడి. మా అమ్మ మేజోళ్లు కెలికిన వేలు. అదే వేలుని నాకాడు.

“ఆరుంపావు అవుతోంది. వీడు సైకిల్ మీద పోవాలి. ఆరున్నరకల్లా మిల్లులో ఉండాలి,” అన్నాను.

“అయిపోయిందండీ, కాఫీ తాగి వెళ్లిపోతాం. ఇంకో డోర్ కొట్టే టైం ఎలాగూ లేదు.”

“పోయిన వారం కూడా వచ్చారటగా?”

“అవునండీ. కంగారు పడకండి, తమరి తమ్ముడు బంగారం. మీ ఆయన మాటే నిజం. నెలాఖరుకి లెక్క తక్కువైతే అనుమానం పెట్టుకోకుండా వవో ఇంటికి పొండ్రా, ఊరు మొత్తమ్మీద తప్పకుండా తెరుచుకునే తలుపు అదొక్కటే అంటాడు.” నాకు ముందే తెలుసనుకున్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. పక్కనున్న కుర్ర పోలీసు కూడా నవ్వాడు.

అమ్మకి ఇంగ్లీషు సరిగా రాదు. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది. రెండు ముక్కలు కాగితపు రుమాల్లో చుట్టి కుర్ర పోలీసు చేతిలో పెట్టి, “ఒకటి నీకు నాయనా, ఒకటి మా నార్బెర్టోకి,” అంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి మా భాషలో, “వీళ్లంతా మీ ఆయన కింది కుర్రాళ్లేగా. కడుపు నిండితే మనవాడి మీద చెయ్యి చేసుకోరు,” అంది.

వాళ్లు వెళ్లేసరికి ఆరూ ఇరవై ఏడు. ఎల్మీరోని నా కార్లో ఎక్కించుకున్నాను. బడికి నేనెలాగూ ఆలస్యమే.

దారిలో వాడు అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాలవ దాటాక, “అక్కా, అమ్మకి రొట్టె చేయడం రాకపోతే ఎంత బాగుండేది,” అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి.

“ఎన్నిసార్లొచ్చార్రా?”

“లెక్కపెట్టలేదు. జైల్లో లెక్కపెట్టడం మానేశా. తలుపు తీయకపోతే తప్పు. తీస్తే ఇదిగో. డాన్వర్స్ ఒకసారి నా మంచం మీద కూర్చుని కాఫీ తాగాడక్కా. నన్ను నిలబెట్టి.”

“నార్బెర్టోకి చెప్పకపోయావా?”

వాడు నా వైపు చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. “బావకి తెలియందేముంది?”

మిల్లు గేటు దగ్గర ఫోర్‌మన్ రస్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఎనిమిది నిమిషాలు ఆలస్యం. చెడ్డవాడు కాదు. టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

“ఇది మూడోసారి ఎల్మీరో. మూడైతే ఇంటికే. ఓనరు పెట్టిన రూలు, నాది కాదు.”

“పోలీసులు ఆపారండీ. నేను అక్కడే ఉన్నాను,” అన్నాను.

“ప్రతివాడూ అదే చెప్తాడమ్మా. నిన్న ఒకడు వాళ్ల కుక్క కారు తాళాలు మింగేసిందన్నాడు.” కాస్త ఆలోచించి, “ఒక పని చేయండి. ఏ రోజు ఎంతసేపు ఆపారో రాసి, సంతకంతో ఒక కాగితం తెండి. సోమవారం పొద్దున్న నా చేతిలో ఉంటే ఓనరుకి చూపించి రానిస్తాను. లేకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటాను,” అన్నాడు.

ఎల్మీరో డబ్బా పట్టుకుని నడిచి ఇంటికి పోయాడు. కారెక్కమంటే ఎక్కలేదు.

ఆ సాయంత్రం నార్బెర్టో హుషారుగా వచ్చాడు. నెల లెక్క పూర్తయిందట. బల్ల మీద పడేసిన ఆయన తిండి డబ్బా కడుగుదామని తెరిచాను. అడుగున కాగితపు రుమాలు, అందులో పసుప్పచ్చని రొట్టె తునకలు. అమ్మ మడత పెట్టిన మడత నాకు తెలుసు. డబ్బా అలాగే సింకులో వదిలేసి చేతులు కడుక్కున్నాను.

“ఎల్మీరోకి ఒక కాగితం కావాలి. నాలుగు లైన్లు. ఫలానా రోజుల్లో మావాళ్లు తనిఖీకి వెళ్లి ఇంతసేపు ఆపారు అని. నువ్వు సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది.”

ఆయన బూటు లేసులు విప్పుతున్నవాడల్లా ఆగాడు. “అలాంటి కాగితం ఇవ్వలేను లిండా.”

“ఎందుకని?”

“కాగితం మీదికెక్కితే కౌంటీదాకా పోతుంది. ఒక్క ఇంటికి అన్నిసార్లేంటని అడుగుతారు.”

“ఎన్నిసార్లు?”

“చట్టప్రకారం ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు.”

“నేనడిగింది అది కాదు. నువ్వు వెళ్లకుండా వాళ్లని పంపావా?”

రెండో బూటు కూడా విప్పి, జతగా సర్ది పెట్టాడు. అప్పుడు మాట్లాడాడు. “విను. ఆ జాబితాలో సగంమంది ఎలాంటివాళ్లో నీకు తెలీదు. తలుపు వెనక ఎవడు ఏం పట్టుకుని నిలబడతాడో ఎవరికీ తెలీదు. డాన్వర్స్‌కి ముగ్గురు పిల్లలు. మావాళ్లని బతికుండగా ఇంటికి పంపే బాధ్యత నాది. అత్తయ్య ఇంట్లో వాళ్లకేం కాదని తెలుసు. అందుకే పంపాను. ఎల్మీరోకీ మంచిదేగా? ప్రతి కాంటాక్టూ వాడి ఫైల్లో మంచి మార్కే.”

భయం నిజమే. ఆయన గొంతులో అది వినబడింది. పదహారేళ్ల కిందట ఒక తలుపు దగ్గర ఆయన పక్కనున్న మనిషి కూలిపోయాడు. ఆ చొక్కా ఉతికింది నేనే. కానీ భయమేస్తే భయపెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లడం మానేసి, వెళ్లామని రాసుకోవడానికి మా అమ్మ తలుపు కొట్టడమేమిటి?

“టాలివర్ ఎక్కడున్నాడో వెతకడానికి భయం. మా అమ్మ మేజోళ్లు వెతకడానికి లేదు.”

“మాటలు జారకు.”

“నువ్వు రొట్టె తిన్నావు.”

“ఏంటి?”

“ఆవిడ వాడి ఉద్యోగం పోయిన పొద్దున నీకోసం చుట్టి పంపింది. నువ్వు తిన్నావు.”

“ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది! ఊళ్లో ఒక్కటే మిల్లుందా? రొట్టె ముక్క దగ్గర రాద్ధాంతం!” అని విసురుగా లేచి, ఫ్రిజ్‌ని తప్పుకుని పక్కకి నడిచి స్నానానికి పోయాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన మీద కోపం చాలాసార్లు వచ్చింది. రోత పుట్టడం అదే మొదటిసారి. కోపమొస్తే మనిషి మీదికి అరుస్తాం. రోత పుడితే ఆ మనిషి తాగిన గ్లాసు ముట్టుకోబుద్ధి కాదు.

మరీసా తన గది గుమ్మంలో నిలబడి ఉంది. “అమ్మా, నేను విన్నాను,” అంది.

శనివారం అమ్మ ఇంటికి వెళ్లేసరికి అమ్మ మళ్లీ పిండి పిసుకుతోంది. పెద్ద సత్తు గిన్నెలో మోచేతులదాకా చేతులు పెట్టింది.

“ఎవరికమ్మా ఇది?”

“ఎవరికేంటి? నిన్నటితో అయిపోయింది. మళ్లీ ఎప్పుడొస్తారో ఏమో. కాఫీ ఒక్కటే ఎలా పెడతాం?”

“వాళ్లు ఎప్పుడెప్పుడు వచ్చారో గుర్తుందా?”

“గుర్తెందుకు? అదిగో,” అని గడ్డంతో గోడ వైపు చూపించింది. చర్చివాళ్లిచ్చిన క్యాలెండరు. కొన్ని తేదీల మూల పెన్సిలుతో చిన్న గుండ్రటి రొట్టె బొమ్మ. “వాళ్లొచ్చిన రోజు రొట్టె ఖాళీ అవుతుంది. మర్నాడు గుడ్లు తెప్పించాలని గుర్తు పెట్టుకుంటాను.”

వెనక్కి తిప్పుతూ లెక్కపెట్టాను. నాలుగు నెలల్లో పదకొండు. చివరి ఆరు వారాల్లోనే ఏడు. దాదాపు అన్నీ నెలాఖరు దగ్గర గుమిగూడి ఉన్నాయి.

అమ్మకి చెప్పాలా వద్దా? చెప్పకపోతే ఆవిడ సోమవారం కూడా గుడ్లు తెప్పిస్తుంది.

“అమ్మా, వాళ్లు వీడికోసం రావడం లేదు. నువ్వు తలుపు తీస్తావని, కూర్చోబెడతావని, రొట్టె పెడతావని వస్తున్నారు. ఇక్కడికి వస్తే వాళ్ల లెక్క నిండుతుంది. నిన్నటివల్ల వీడి పని పోయేలా ఉంది.”

అమ్మ చేతులు పిండిలో ఆగిపోయాయి.

“నేనే పిలుచుకున్నానా?” అంది.

“నీ తప్పు కాదమ్మా.”

“ఇంటికొచ్చినవాళ్లని నిలబెట్టి పంపడం మీ నాన్నకి ఇష్టం ఉండేది కాదు.” పిండిలోంచి చేతులు తీయకుండానే, “నార్బెర్టోకి తెలుసా?” అంది.

నేను క్యాలెండరు వైపే చూస్తూ ఉన్నాను. అమ్మ ముక్కు మీద చెమట భుజానికి తుడుచుకుని మళ్లీ పిసకడం మొదలుపెట్టింది. పిండి సగంలో వదిలేస్తే పాడైపోతుంది.

నేను ఆ బల్ల దగ్గరే కూర్చుని, అమ్మ దగ్గరున్న ఉత్తరాల కాగితం మీద రాశాను. తేదీలు పదకొండూ రాశాను. ఎల్మీరోని లేపి ఏ రోజు ఎంతసేపు ఉన్నారో అడిగి రాశాను. శుక్రవారం నా కళ్లతో చూసింది రాశాను. తొడుగుల సంగతి కూడా. డాన్వర్స్ అన్న మాట ఉన్నదున్నట్టు రాశాను. దగ్గర్లో గ్రంథాలయం తెరిచే ఉంది. వెళ్లి మూడు నకళ్లు తీయించి, అక్కణ్ణుంచే నగర కార్యాలయం వాళ్ల కంప్యూటర్ పేజీలో ఒక దరఖాస్తు నింపాను.

ఆదివారం చర్చి అయ్యాక అందరం ఎప్పటిలాగే అమ్మ ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. గొడ్డుమాంసం పులుసు, అడుగున రొట్టె ముక్కలు, పైన పుదీనా. నార్బెర్టో నాన్న కుర్చీలో కూర్చున్నాడు. రెండు రోజులుగా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అమ్మ ముందు మాత్రం మామూలుగా ఉండాలని చూస్తున్నాడు.

“ఏం బావమరిదీ, మొహం అలా వేలాడేశావ్? పులుసులో ఉప్పు తక్కువైందా?”

“రేపు పనుందో లేదో తెలీదు బావా.”

“ఉంటుందిలేవోయ్. లేకపోతే నేనే ఎక్కడో చెప్తాను. మా స్నేహితుడికి టైర్ల కొట్టుంది.”

“నాన్నా, ఆ కాగితం ఇవ్వొచ్చుగా,” అంది మరీసా.

“ఆఫీసులో అడగాలమ్మా. ఒక పద్ధతుంటుంది. రెండు మూడు వారాలు పడుతుంది.”

“రేపు పొద్దున్నకి కావాలి నాన్నా.”

“నువ్వు తిను.”

అమ్మ గిన్నె పట్టుకుని బల్ల చుట్టూ వడ్డిస్తోంది. నార్బెర్టో దగ్గరికి వచ్చింది. ఆయన పళ్లెం ముందుకి జరిపాడు. “అత్తయ్యా, నీ చేతి వంట తింటే ఇంక ఏ హోటలూ నచ్చదు,” అన్నాడు. అమ్మ ఎప్పుడూ దానికి ఏదో ఒకటి జవాబు చెప్తుంది. ఆ రోజు చెప్పలేదు. వడ్డించి, ముందుకి వెళ్లిపోయింది. ఆయన చెంచా ఎత్తలేదు.

“కాగితం నేను రాశాను,” అన్నాను.

నేను గొంతు పెంచలేదు.

“నువ్వు రాస్తే ఏం చెల్లుతుంది?” అన్నాడు నార్బెర్టో.

“పదకొండు తేదీలున్నాయి. ఎంతసేపు ఉన్నారో ఉంది. నేను చూసింది ఉంది. కింద నా పేరు, డియోలిండా ఫగుండిస్, సార్జెంట్ నార్బెర్టో ఫగుండిస్ భార్య అని రాశాను. అది రాయకపోతే ఎవరూ చదవరు.”

“అత్తయ్యా, చూడు మీ అమ్మాయి...” అని అమ్మ వైపు తిరిగాడు. అమ్మ గిన్నె కింద పెట్టి తన కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన్ని సూటిగా చూసింది. ఆయనే కళ్లు దించుకున్నాడు.

“నా మీద విచారణ వేస్తారు లిండా. తెలుసా నీకు?”

“తెలుసు.”

“డాన్వర్స్ మీద కూడా.”

“తెలుసు.”

“అక్కా, నాకోసం వద్దు,” అన్నాడు ఎల్మీరో. వాడి చెవులు ఎర్రబడ్డాయి. “నేను వేరే చోట చూసుకుంటాను. ఇల్లు పాడు చేసుకోకు.”

“నీకోసం ఒక్కడికే కాదులేరా.” టాలివర్ భార్య పేరు అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఆమె నన్నేమీ అడగలేదు. ఆమెకి తెలియదు కూడా, తన మొగుడు ఆ కాగితాల్లో నాలుగుసార్లు ‘ప్రయత్నం’ అయ్యాడని.

నేను రుమాలుతో చేతులు తుడుచుకుని, అందరికీ వినబడేలా, నెమ్మదిగా చెప్పాను.

“రేపు ఆరింటికి ఎల్మీరోని నేనే మిల్లుకి తీసుకెళ్తున్నాను. ఒక కాగితం రస్‌కి ఇస్తాను. ఒకటి వీడి అధికారికి. మూడోది బుధవారం సాయంత్రం ఏడింటికి నగరసభలో చదువుతాను. ఓవర్‌టైం నిధులు కౌంటీ నుంచి మళ్లీ తీసుకోవాలా వద్దా అని ఆ రోజే ఓటేస్తున్నారు. మాట్లాడేవాళ్ల జాబితాలో నా పేరు నాలుగోది. రావాలనుకున్నవాళ్లు రండి.”